ముల్లుకు ఎదురెగిరిన పక్షులు

టోవా పాయో, సింగపూర్
14 మార్చి 2024

అత్తమ్మా,

క్షేమసమాచారాలు తర్వాత. ముందు నా కడుపుమంట విను. ఫోన్ చేస్తే నీకు వినపడదు. నలభై ఏళ్ల సుత్తి దెబ్బలు నీ చెవులను మింగేశాయి. వాట్సాప్‌లో పెడితే ఎవరో ఒకరు చదివిపెట్టాలి, సాయంత్రానికి పెంబర్తి అంతా తెలిసిపోతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

మహీధర్ నన్ను ముంచేశాడు. వాచీల కంపెనీ పెట్టిన రోజున "ఉజ్వలా, మొదటి వాచీ నీదేనమ్మా, నీ పేరుతోనే వస్తుంది" అన్న మనిషి. ఆ మాట పట్టుకుని రెండేళ్లు ప్రతి ఆదివారం మ్యూజియంలో ఒక కంచు డోలు ముందు కూర్చున్నాను. వియత్నాం వాళ్లది, రెండు వేల ఏళ్ల నాటిది. అక్కడి సెక్యూరిటీ ఆయన జాలిపడి నాకు కుర్చీ కూడా తెచ్చి వేసేవాడు. డోలు మధ్యలో నక్షత్రం, చుట్టూ పొడుగు ముక్కుల పక్షులు, జింకలు, నెత్తిన ఈకలు పెట్టుకున్న మనుషులు, పడవలు. వాటన్నిటినీ పాత రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదైన డయల్ మీదికి దించేసరికి నా కళ్లజోడు నంబరు మారింది.

మొన్న సోమవారం మీటింగులో అందరి ముందూ "ఈ డిజైన్ మా రాధది" అన్నాడు. రాధ ఆయన కూతురు. లండన్‌లో చదువు పూర్తిచేసి వచ్చి నెల కాలేదు. ఆ పిల్ల తల ఎత్తకుండా ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. నేను ఆయన గదిలోకి వెళ్లి అడిగాను. "బ్రాండ్‌కి ఒక ఫేస్ కావాలమ్మా. నువ్వు బ్యాక్‌ఎండ్‌లో స్ట్రాంగ్. అవునూ, సెప్టెంబర్‌లో నీ పాస్ రెన్యూవల్ ఉంది కదా, టెన్షన్ పడకు, నేను చూసుకుంటా" అన్నాడు. ఇక్కడ నా పని పాస్ ఆయన సంతకం మీదే నడుస్తుంది. ఆ సంతకం లేకపోతే నెలలో మూటాముల్లె సర్దుకోవాలి. బయటికి వస్తుంటే రాధ నా భుజం తట్టి "చిల్ లా, అక్కా. డాడీ ఎప్పుడూ అంతే" అంది.

నేను అద్దెకుంటున్న ఇంటి నిగార్ ఆంటీ "ఛోడ్ దే బేటీ, వదిలెయ్. పెద్దోళ్లతో మనకెందుకు" అంటోంది. నేను వదలను అత్తమ్మా. వాడి పరువు పదిమందిలో పోతే తప్ప నాకు ముద్ద దిగదు.

డయళ్లు చేత్తో కొట్టిస్తే గొప్పగా చెప్పుకోవచ్చని ఆయనకు చెప్పి ఒప్పించాను. మొత్తం ఇరవై నాలుగు. అన్నీ నువ్వే చెయ్యాలి. కంచు రేకులు కంపెనీ పంపుతుంది. బొమ్మ ఇందులో పెట్టాను. నాన్న పెట్టినట్టే మూలన పసుపు బొట్టు పెట్టి మొదలుపెట్టాను. ఒక్క గీత కూడా మార్చకు. ఎందుకని అడగకు.

పళ్లు కొరుక్కుంటున్న నీ మేనకోడలు,
ఉజ్వల


పెంబర్తి
3 ఏప్రిల్ 2024

బిడ్డా ఉజ్వలా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. రెండోసారి చదివేటప్పుడు సుత్తి చేతిలనే ఉన్నది. ఆ మహీధర్ నా ఎదురుంగ లేడు, బతికిపోయిండు.

నీకు యాది ఉన్నదో లేదో, మీ నాయిన ఆరు నెలలు కూసొని ఒక ఇత్తడి మకరతోరణం చేసిండు. హైదరాబాద్‌ల షోరూమాయన దాని కింద తన పేరు పలక కొట్టిచ్చుకొని ప్రైజు తెచ్చుకున్నడు. పేపర్ల ఫోటో వచ్చింది. మీ నాయిన ఎనక వరసల సగం మొఖం కనపడేటట్టు నిలబడి ఉన్నడు. "పరంధామన్నా, నోరు తెరువు" అని నేను మొత్తుకున్న. మా అన్న తెరువలే. చచ్చేదాక ఆ ముచ్చట ఎత్తలే. నాకు మాత్రం ఆ ఫోటో కండ్లల్లనే ఉన్నది. ఈసారి ఊకునేది లేదు.

నీ బొమ్మ మంచిగున్నది. మూలకు పసుపు చూసి నవ్వొచ్చింది. నీకు గూడ ఆ అలవాటు అబ్బినందుకు సంబురమైంది. పోయిన దసరాకు వచ్చినప్పుడు అన్నం తినే పళ్లెం తిప్పి చూపెట్టినవు, ఆ డోలు మీది పక్షులు గడియారం ముల్లుకు ఎదురు పోతయని. యాది ఉన్నది. ఇగ నాకు వేరే చెప్పేది ఏం లేదు.

కంపెనీ రేకులు వచ్చినయి. వాటిని అతికిచ్చేటందుకు లక్క కరగపెట్టిన. రేపటి సంది మొదలుపెడత. కుడి కంటికి శుక్లం మొదలైందని డాక్టరు అన్నడు. ఇంత సన్నపు పని మళ్ల చేస్తనో చెయ్యనో, ఇది మటుకు పానం పెట్టి చేస్త.

నా తరఫున గూడ ఒక పని చేస్తున్న. అదేందో ఇప్పుడు చెప్ప. వాని మీద నీకెంత కోపం ఉన్నదో నాకు గంతకంటె ఎక్కువనే ఉన్నది.

మంచిగ తిను. బక్కగయినవని పోయినసారే అనుకున్న.

నీ అత్త,
కొండమ్మ


టోవా పాయో
20 ఏప్రిల్ 2024

అత్తమ్మా,

నీ తరఫున వేరే పనులేమీ పెట్టుకోకు, నీకు దండం పెడతాను. దసరా నాటి పళ్లెం సంగతి కూడా మర్చిపో. నేను పంపిన కాగితాన్నే నమ్ము.

ఇక్కడ సంగతులు చెబుతాను. నన్ను ఈ వాచీ పని నుంచి మెల్లగా తప్పించారు. డయళ్లు వస్తే నాకు చూపించరట, మహీధర్ గదిలోనే తాళం వేసి పెడతారట. ఆ బీరువా పక్కనుంచే రోజూ నడిచి వెళ్తాను. మధ్యాహ్నం తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో అందరూ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు 'చోప్' చేసుకుంటారు, అంటే తమదని ఆపి ఉంచుకుంటారు. ఒక టిష్యూ ప్యాకెట్‌కు ఉన్న మర్యాద నా రెండేళ్లకు లేకపోయింది. ఎవరు వచ్చినా దాన్ని తీసి పక్కన పెట్టరు మరి.

జూలైలో పెద్ద హోటల్లో వాచీని విడుదల చేస్తారు. ఇక్కడే క్లెమెంటి పేటలో ఉండే థాన్ గారిని ముఖ్య అతిథిగా పిలిచారు. హనోయ్ దగ్గర పుట్టి, ఇక్కడి యూనివర్సిటీలో ముప్పై ఏళ్లు ఆ కంచు డోళ్ల మీదే పాఠం చెప్పిన పెద్దాయన. ఆయన ఔనంటే వియత్నాంలోని గొప్పవాళ్లంతా ఈ వాచీ కోసం క్యూ కడతారని మహీధర్ ఆశ. మ్యూజియంలో ఆయన్ని చాలాసార్లు చూశాను, మాట్లాడే ధైర్యం చెయ్యలేదు. ఆయనకు ఒక్క చూపు చాలు అత్తమ్మా. ఆ ఒక్క చూపుతో మహీధర్ మొహం మాడిపోతుంది. ఎలా అని అడగకు. ఆ రోజు కోసమే పొద్దున లేచి ఆఫీసుకు పోతున్నాను.

రాధ నన్ను రోజూ ఏదో ఒకటి అడుగుతుంది. "అక్కా, స్టేజ్ మీద ఏం చెప్పాలి?" అంటే రాసిచ్చాను. బట్టీ పడుతోంది.

కంటికి చుక్కలు వేసుకో.

నీ ఉజ్వల


పెంబర్తి
28 మే 2024

బిడ్డా,

పన్నెండు అయినయి, ఇంకో పన్నెండు చెయ్యాలె. ఆ థాన్ సారు ఒక్క చూపుకే పట్టేస్తడని నువ్వు రాసినకాడి నుంచి నాకు నిద్ర కరువైంది. అంత పెద్దమనిషి చూస్తడంటే తప్పు పోవద్దు గద. ఒక్కో పక్షి ముక్కును భూతద్దం పెట్టి నాలుగుసార్లు సరిచేసిన. రెండు రేకులు మనసుకు ఎక్కక పక్కకు పడేసిన. పని గింత మంచిగ ఉంటే ఆయనే అడుగుతడు, ఇది గీసింది ఎవరు అని. గప్పుడు మహీధర్ ఏం చెప్తడో చూద్దాం. నీ ఉపాయం నాకు అర్థమైంది బిడ్డా. మీ నాయినకు గీ తెలివి ఉంటే ఎంత బాగుండు.

ఇంకో ముచ్చట. పోయిన శుక్రవారం ఆ మహీధరే వచ్చిండు, బిడ్డను తోలుకొని, ఫోటోలు తీసేటోళ్లతోని. పెద్ద కారు మన గల్లీల పట్టక బయటనే ఆపిండ్రు. "కొండమ్మ గారూ, మీ చేతులు బంగారం" అన్నడు. కూసోబెట్టి చాయ్ పోసిన. ఫోటో కోసం శాలువా నా చేతికిచ్చి ఆ పిల్లకు కప్పమన్నరు, కప్పిన. నెత్తిన చెయ్యి పెట్టమన్నరు, పెట్టిన. మనసుల ఏమనుకున్ననో నాకు తెలుసు.

పన్నెండు రేకులు ఆయనే సొంతంగ సంచిల పెట్టుకొని పోయిండు. ఏం మోసుకపోతున్నడో ఆయనకు తెల్వదు. కారు మలుపు తిరిగేదాక చూసి, లోపలికొచ్చి కడుపుబ్బ నవ్విన.

నీ అత్త,
కొండమ్మ


టోవా పాయో
9 జూన్ 2024

అత్తా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. ఫోటో మాత్రం వచ్చింది. ఆఫీసు గోడ మీద తలుపంత పెద్దది పెట్టారు. రాధకు శాలువా కప్పుతున్నావు. నెత్తిన చెయ్యి పెట్టి నవ్వుతున్నావు. కింద "గురువు ఆశీస్సులతో మా డిజైనర్" అని రాశారు.

నాన్న సగం మొహం ఫోటో ఇంకా కళ్లలోనే ఉందన్నావు. ఇప్పుడు నువ్వు పూర్తి మొహంతో నిలబడ్డావు, వాడి పక్కన. నీ మీద నాకున్న నమ్మకాన్ని కూడా వాడే పట్టుకుపోయాడు. "నా తరఫున ఒక పని" అన్నావు, ఇదేనా? చాయ్ కూడా పోసి ఉంటావు.

మిగతా డయళ్లు చేస్తావో మానతావో నీ ఇష్టం. నా పగ నేను చూసుకుంటాను.

ఉజ్వల


పెంబర్తి
25 జూన్ 2024

ఉజ్వలా,

చాయ్ పోసిన. చక్కెర గూడ వేసిన.

నా ఉత్తరం ఈపాటికి అంది ఉంటది. అందినంక గూడ నీకు గట్లనే అనిపిస్తే నేను చెప్పేది ఏం లేదు. ఆ కార్యం అయినంక రాయి. మిగిలిన పన్నెండు చేస్తున్న. ఒప్పుకున్న పని ఆపే అలవాటు మన ఇంట్ల లేదు.

నీ అత్త


టోవా పాయో
14 జూలై 2024

బంగారు అత్తమ్మా,

నీ కాళ్లు పట్టుకుంటాను, ఆ శాలువా ఉత్తరం చింపి పొయ్యిలో పెట్టు. నాకు బుద్ధి లేదు. ఇప్పుడు చెప్పేది తీరిగ్గా కూర్చుని చదువు.

నన్ను హాలు గుమ్మం దగ్గర నిలబెట్టారు. వచ్చినవాళ్లకు పేరు చీటీలు ఇవ్వడం నా పని. రెండేళ్ల కష్టానికి దక్కిన పదవి. స్టేజీ మీద రాధ పట్టుచీర కట్టుకుని నేను రాసిచ్చింది అప్పజెప్పింది: "ఈ పక్షులు గడియారం ముల్లుతో కలిసి ఎగురుతాయి. కాలంతో పాటు ముందుకు సాగడమే నా డిజైన్." అందరూ చప్పట్లు కొట్టారు. థాన్ గారు కొట్టలేదు. జేబులోంచి చిన్న భూతద్దం తీసి వాచీని కంటికి దగ్గరగా పెట్టుకున్నారు. ఇప్పుడు నవ్వుతారు, ఇప్పుడు నవ్వుతారు అని నేను ఎదురు చూశాను.

ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. తర్వాత రాధను మెల్లగా అడిగారు, "అమ్మాయీ, ఇవి ఎటు ఎగురుతున్నాయి?"

"ముల్లుతో పాటే, అంకుల్."

"మళ్లీ చూడు."

ఆ పిల్ల అప్పుడు చూసింది అత్తమ్మా, తన వాచీని మొదటిసారి. మైకు కిందికి దించి తండ్రి వైపు చూసింది. పక్షులు ముల్లుకు ఎదురు ఎగురుతున్నాయి, డోలు మీద ఎలా ఉన్నాయో అలాగే. మహీధర్ పరుగున వచ్చి "స్టేజ్ ఫియర్ సార్" అన్నాడు. "ఇది గీసినవాళ్లు ఆ డోలు ముందు చాలా కాలం కూర్చుని ఉంటారు. ఈ అమ్మాయి కూర్చోలేదు" అన్నారు థాన్ గారు, అందరికీ వినపడేలా.

చేతి పని చూపించడానికి ఒక విడి డయల్‌ను మఖ్మల్ గుడ్డ మీద పెట్టారు. ఆయన దాన్ని తీసి వెనక్కి తిప్పారు. వెనక ఏవో అక్షరాలు. "ఇది మీ భాషే కదా, ఏముంది ఇందులో?" అని మహీధర్‌ను అడిగారు. మహీధర్ చూశాడు. ఆ హాల్లో అది చదవగలిగినవాళ్లు ముగ్గురో నలుగురో. వాడి మెడ మీద చెమట పట్టడం నాకు గుమ్మం దగ్గరికే కనపడింది. "దేవత పేరు సార్. బ్లెస్సింగ్ లాంటిది" అన్నాడు.

నువ్వు చెప్పకుండా చేసిన పని అప్పుడు అర్థమైంది నాకు. ఖాళీ పేరు చీటీ ఒకటి తీసుకుని తెలుగులో నా పేరు రాసుకుని నేరుగా నడిచి వెళ్లి ఆ డయల్ పక్కన పెట్టాను. థాన్ గారికి తెలుగు రాదు. మూడు అక్షరాలు పోల్చుకోవడానికి రావాల్సిన పని లేదు. ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశారు. నా మొహం చూశారు. "మ్యూజియంలో కుర్చీ వేసుకుని కూర్చునే అమ్మాయివి నువ్వే కదా" అన్నారు.

మహీధర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. రాధ ఏడుస్తూ బాత్రూమ్ వైపు పరిగెత్తింది. నేను వెనక వెళ్లలేదు. పాపం అనిపించాలేమో, అనిపించలేదు. నిగార్ ఆంటీకి చెబితే "మాషా అల్లా" అని నాకు ఖీర్ చేసి పెట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. మహీధర్ నన్ను తీసేశాడు, మిగిలిన పన్నెండు డయళ్లు తనకు వద్దన్నాడు. వాటిని థాన్ గారు తీసుకుంటారు. అవి వెనక నా పేరుతో సహా చేతిలో ఉంటే ఇంకో వాచీ కంపెనీకి నన్ను తనే పరిచయం చేస్తానన్నారు. నా పాస్ గడువు నెల రోజులే. ఆ పన్నెండే నాకు సాక్ష్యం. ఆయన క్లెమెంటి అడ్రసు వేరే చీటీ మీద రాశాను. వెంటనే పంపించు.

ఒక్కటి మాత్రం ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు. నీకు పంపిన కాగితంలో నేను పక్షుల్ని కావాలనే తప్పు వైపు గీశాను, ముల్లుతో పాటు పోయేలా. థాన్ గారు చూసి నవ్వాలని, మహీధర్ వాచీ నవ్వులపాలు కావాలని. నీ దగ్గర అవి సరి ఎలా అయ్యాయి? నా తప్పు పసిగట్టి దిద్దావా, గడుసుదానా?

నీ పాదాలకు వంద దండాలతో,
ఉజ్వల


పెంబర్తి
2 ఆగస్టు 2024

ఉజ్వలా,

నీ ఉత్తరం సగం దాక చదివి సంబురంతోని ఏడ్చిన. మా అన్న ఫోటో ముందట దీపం పెట్టి వచ్చి మిగతా సగం చదివిన.

నేను ఏం దిద్దలే. తప్పని తెలిస్తే గద దిద్దేది. మన పని ఎనక నుంచి కొట్టే పని. బొమ్మను రేకు ఎనక తిప్పి పెట్టి కొడితేనే ముందట సరిగ్గ వస్తది. ఆ తిప్పుడు కాడ నేను చిన్నప్పుడు తడబడేదాన్ని. మీ నాయిన నా కోసం ముందే తిప్పి గీసేటోడు. గీసి, మూలకు పసుపు బొట్టు పెట్టేటోడు. "తిప్పిన చెల్లే, నువ్వు మళ్ల తిప్పకు" అని దానర్థం. నువ్వు శుభానికి అనుకున్నవు. నేను, నా మేనకోడలు తండ్రి లెక్కనే నా కోసం తిప్పి గీసిందని మురిసిపోయిన. దసరాకు నువ్వు చెప్పిందానికి గూడ సరిపోయింది. కాగితాన్ని తిప్పకుండ అట్లనే పెట్టి కొట్టిన. నీ తప్పు అట్ల సరి అయింది. మీ నాయిన పసుపు బొట్టు నా పరువు కాపాడింది. నువ్వు కాదు.

ఇప్పుడు చెప్పు. థాన్ సారు నవ్వితే ఎవరిని చూసి నవ్వుదురు? మహీధర్‌కు ఇది కాకపోతే ఇంకో వ్యాపారం. పక్షుల్ని తప్పు వైపు కొట్టిన ముసల్ది ఎవతె అని అడిగితే పెంబర్తి కొండమ్మ అనేటోళ్లు. నలభై ఏండ్లల నా గడప దాటి తప్పు రేకు ఒక్కటి పోలే. కన్ను పోతున్నది, ఇదే ఆఖరు పని అని నీకు రాసిన. చదివి గూడ "కంటికి చుక్కలు వేసుకో" అన్నవు. ఆ చెడిపోయే కంటితోని ఇరవై నాలుగు తప్పులు కొట్టిద్దామనుకున్నవు, నాకు ఒక్క మాట చెప్పకుండ. చెప్తే చేద్దునో చెయ్యకపోదునో, అది నా ఇష్టం ఉండు. మహీధర్ నీకు చేసిందే నువ్వు నాకు చేసినవు. కనీసం ఆయన నీ మొఖం మీద చెప్పిండు.

నాకు శాలువా గురించి బాధ లేదు. అది కోపంల అన్న మాట. ఇది కోపంల చేసింది కాదు. నాలుగు నెలలు కడుపుల పెట్టుకొని చేసినవు.

పన్నెండు రేకులు తయారున్నయి. ఎనక నీ పేరు కొట్టి పెట్టిన. మీ నాయిన పేరు ఎక్కడ పడలే, బిడ్డదన్న పడాలనుకున్న. నీ ఉత్తరం చదివినంక మళ్ల లక్క కరగపెట్టి, పన్నెండిటినీ ఎక్కించి, నీ పేరు ఒక్కొక్కటే చదును చేసిన. రెండు రోజులు పట్టింది. ఇయ్యాల క్లెమెంటి అడ్రసుకు పార్శిల్ కట్టిన. ముందట పక్షులు సరిగ్గనే ఉన్నయి. ఆ పెద్దమనిషి చూస్కుంటడు.

నీకు నెల రోజులే ఉన్నదని రాసినవు. చదివిన. సాక్ష్యం కావాలంటే మహీధర్ కాడ ఉన్న పన్నెండు అడుక్కో. వాటి మీద నీ పేరు అట్లనే ఉన్నది. ఇగ బొమ్మలు నాకు పంపకు. పసుపు పెట్టినా, పెట్టకపోయినా.

ఎంత చదును చేసినా వేలు పెడితే నీ పేరు ఇంకా కొంచెం తగుల్తనే ఉన్నది. దాని మీదనే నా పేరు కొట్టిన.

కొండమ్మ